నచ్చిన ఆటగాణ్ణి దాచిపెట్టే విద్య

నార్త్ కరొలైనాలోని మోరిస్‌విల్‌లో మా వీధి చివరింటి అమ్మాయి మేఘనకి పోయిన నెల ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ టీములో ఉద్యోగం వచ్చింది. కాలేజీ ఆటగాళ్ళలో ఎవరు పైకొస్తారో, ఎవరు రారో లెక్కలు కట్టి చెప్పే ఉద్యోగం. స్వీట్ బాక్సు పట్టుకొచ్చి, "అంకుల్, మీరు కూడా సేమ్ జాబ్ చేశారంట కదా, డాడీ చెప్పాడు. మీ టైమ్‌లో డేటా ఏం లేదు కదా, జస్ట్ చూసి గెస్ చేసేవాళ్ళా?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. "అవునమ్మా, అంతకన్నా ఘోరం" అన్నదే నిజమైన జవాబు. శుభమా అని మిఠాయి తెచ్చిన పిల్లతో ఆ మాట అనలేక మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకుని ఊరుకున్నాను. మింగేసిన ఆ జవాబునే ఇప్పుడు రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్ళు స్కౌటుగా పనిచేశాను. అంటే ఊరూరా తిరిగి కాలేజీ ఆటలు చూసి, ఫలానావాణ్ణి తీసుకోండి, ఫలానావాడు వద్దు అని మా టీముకి చెప్పడం. ఎప్పుడు ఏ హోదా వచ్చిందన్నది నాకే సరిగా గుర్తులేదు, మీకెందుకు? ఈ పని అంటే ఏమిటో నాకు తెలిసింది డెబ్భైల చివర, ఎనభైల మొదట్లో. నేర్పినవాడు ఎమ్మెట్ గేల్స్ అనే కుర్రవాడు. అతను పాయింట్ గార్డు. బంతిని ముందుకు తీసుకొచ్చి, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించేవాణ్ణి అలా అంటారు. అతను నేర్చుకోవలసింది నా దగ్గర ఏమీ లేదు. నేను నేర్చుకున్నదానికి ఖరీదు మాత్రం అతనే కట్టాడు.

నూలు మిల్లు కళ్ళు

కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను బాస్కెట్‌బాల్ ఆడేవాణ్ణి. బాగా ఆడతానని కాదు, కాస్త పొడుగ్గా ఉన్నానని టీములోకి తీసుకున్నారు. ఎమ్మెస్ చదవడానికి నార్త్ కరొలైనా వచ్చి, చదువయ్యాక ఒక నూలు మిల్లులో క్వాలిటీ కంట్రోల్‌లో చేరాను. దారం ఎక్కడ సన్నబడింది, ఎక్కడ ముడిపడింది, ఏ యంత్రం దగ్గర ఎక్కువసార్లు తెగింది, ఇవన్నీ కాగితం మీద గీతలు గీసి చూపించడం నా పని. ఈ రాష్ట్రంలో చలికాలం వస్తే బాస్కెట్‌బాల్ తప్ప వేరే మాట ఉండదు. సాయంత్రం ఆటకి వెళ్ళినా నా చెయ్యి ఊరుకునేది కాదు. బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్ళింది, ఎవరి దగ్గర చేజారి తెగింది, మళ్ళీ అవే గీతలు.

ఒకరోజు పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషి నా కాగితం లాక్కుని చూసి, "ఇదేంటయ్యా, స్వెట్టర్ అల్లుతున్నావా?" అన్నాడు. ఆయన పేరు వాల్ట్. ఒక ప్రొఫెషనల్ టీములో స్కౌట్లందరి మీదా పెద్ద. నేను చెప్పింది పావుగంట విని, నెల తిరక్కుండా ఉద్యోగం ఇచ్చాడు. ఆ మేలు నేను మరచిపోలేదు. అలాగని ఆయన గురించి నిజం రాయకపోతే ఈ కాగితాలు దండగ.

వాల్ట్‌కి ఒక నమ్మకం ఉండేది. ఆటగాడు బస్సు దిగి జిమ్ములోకి నడిచొచ్చే తీరు చూస్తే చాలట, మిగతాదంతా తెలిసిపోతుందట. ఆట గంట ఉందనగానే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడేవాడు. పెళ్ళిచూపుల్లో మేనత్త పిల్ల నడక చూసినట్టు చూసేవాడు. భుజాలు విశాలంగా ఉండి, తల ఎత్తి, చూయింగ్ గమ్ నములుతూ వస్తే ఆట మొదలవకముందే సగం మార్కులు పడిపోయేవి. నడక బాగుండి ఆట రానివాళ్ళు మా టీములో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురికి తక్కువ ఉండేవారు కాదు. ప్రతి ఏడూ ఓడిపోయేవాళ్ళం. ప్రతి ఏడూ కోచ్‌ని మార్చేవారు. గుమ్మం దగ్గర నిలబడే మనిషిని మాత్రం ఎవరూ మార్చలేదు.

ఒకే వరస, ఒకే నోరు

ఏ కాలేజీకి వెళ్ళినా స్కౌట్లందరికీ కోర్టు పక్కన ఒకే వరసలో కుర్చీలు వేసేవారు. మేం వేర్వేరు టీములవాళ్ళం. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకూడదని ఒట్టు పెట్టుకున్నవాళ్ళం. ఆటకి ముందు మాత్రం అందరం ఒకే హోటల్లో ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళం. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. ఎవరూ ఏమీ చెప్పినట్టు ఉండదు, విరామం వేళకి వరస మొత్తానికీ ఒకే అభిప్రాయం వచ్చేసేది. ఒకడు పెదవి విరిస్తే పక్కవాడి పెన్ను ఆగిపోయేది. రేపు తప్పని తేలినా తిట్లు అందరికీ సమంగా పడతాయి కాబట్టి గుంపులో గోవిందా అనేవారు.

ఆ వరసలో వాడే మాటలు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. తెల్లకుర్రాడు బంతిని ఇద్దరి మధ్యలోంచి పంపిస్తే "బుర్ర ఉంది" అని రాసేవారు. నల్లకుర్రాడు అదే బంతిని అలాగే పంపిస్తే "సహజంగా వచ్చింది" అని రాసేవారు. వాడికి బుర్ర లేదనీ, కాళ్ళూ చేతులూ వాటంతట అవే ఆడుతున్నాయనీ దాని అర్థం. మా రిపోర్టు ఫారంలో 'ఎవరిలా ఆడతాడు?' అని ఒక గడి ఉండేది. నల్లవాడికి నల్లవాడి పేరు, తెల్లవాడికి తెల్లవాడి పేరు రాయాలని ఎక్కడా రూలు లేదు, ఎవరూ తప్పేవారూ కాదు. నేను రెండింట్లోనూ లేనివాణ్ణి కాబట్టి నా ముందు అన్నీ దాచుకోకుండా మాట్లాడేవారు. నేనూ దాచుకోకుండా తిరిగి మాట్లాడి ఉండవలసింది. కొత్తవాణ్ణి, పోనీలే అనుకున్నాను. ఆ పోనీలే అనే మాట ఒక రోగం.

నాలుగు వేళ్ళు

ఎమ్మెట్ చదివిన కాలేజీ రాష్ట్రానికి తూర్పున, పొగాకు పొలాల మధ్య ఉండేది. అక్కడి ముసలి కోచ్‌కి ఓటమంటే చచ్చేంత భయం. ప్రొఫెషనల్ ఆటలో ఇన్ని సెకన్లలోపు షాట్ వేసి తీరాలని గడియారం ఉంటుంది. కాలేజీ ఆటకి అది అప్పటికింకా రాలేదు. ఎంతసేపైనా బంతిని దగ్గర పెట్టుకోవచ్చు. అందుకని ఒక్క పాయింటు ఎక్కువ వస్తే చాలు, ఆ కోచ్ నాలుగు వేళ్ళు ఎత్తేవాడు. నలుగురు నాలుగు మూలలకి వెళ్ళి నిలబడాలి, ఎమ్మెట్ మధ్యలో బంతి కొట్టుకుంటూ తిరుగుతూ ఉండాలి, షాట్ వేయకూడదు. ఐదు నిమిషాలు, ఒక్కోసారి పది నిమిషాలు అదే తంతు. జనం ఈలలు వేసేవారు, వేరుశెనగ పొట్టు విసిరేవారు.

మర్నాడు పేపర్లో ఎమ్మెట్ పేరు ఎదురుగా నాలుగు పాయింట్లో, ఆరు పాయింట్లో ఉండేవి. వరస వాటినే చూసి "స్కోరు చేయలేడు, నెమ్మది మనిషి" అని రాసుకుంది. గుంజకి కట్టేసిన ఎద్దుని చూసి ఇది పరిగెత్తలేదని రాసుకున్నట్టు! ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం ఆగదు.

నా గీతలు వేరే కథ చెప్పాయి. ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టినా బంతి అతని దగ్గర తెగేది కాదు. ఫౌళ్ళు ఎక్కువై అతను బెంచీ మీద కూర్చున్న రెండు మూడు నిమిషాల్లోనే టీము ఆట తెగిన దారంలా చెదిరిపోయేది. ఇంకో సంగతి పట్టుకోవడానికి నాకు మూడు ఆటలు పట్టింది. ఎమ్మెట్ బంతి అందిస్తే, అందుకున్నవాడు చెయ్యి కదపక్కర్లేదు. వంగక్కర్లేదు, ఒక అడుగు వెనక్కి వేయక్కర్లేదు. కుడిచేతివాటం వాడికి కుడివైపుకి, ఎడమచేతివాటం వాడికి ఎడమవైపుకి, షాట్ వేయడానికి చెయ్యి ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడికే వచ్చేది. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ఊరి జిమ్ములో మిల్లు పనివాళ్ళతో సరదాగా ఆడుతుంటే వెళ్ళి చూశాను. కోచ్ లేడు, నాలుగు వేళ్ళు లేవు. ఆ వేగం, ఆ చూపు చూసి గీతలు గీయడమే మరిచిపోయాను. కళ్ళుండీ గుడ్డివాళ్ళ మధ్య కూర్చున్నానన్నమాట అనుకున్నాను. ఇంటికొచ్చి నా భార్య సరోజతో "దొరికాడే" అన్నాను.

కోటు వేసుకుని వెళ్ళిపోవడం

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. కుర్రాడు నచ్చితే మొహంలో కనబడనివ్వకూడదు. పక్కవాడు పసిగడితే వాడి టీము ముందుగా లాక్కుపోతుంది. వాల్ట్ నాకు మొదటి వారంలోనే చెప్పాడు. "నచ్చితే ఆవలించు. బాగా నచ్చితే హాఫ్‌టైమ్‌కి లేచి వెళ్ళిపో."

ఇది నాకు పుట్టుకతో వచ్చిన విద్యే అనిపించింది. మా అమ్మ బట్టల కొట్లో నచ్చిన చీరని పక్కకి నెట్టేసి, నచ్చని చీరకి గంటసేపు బేరమాడేది. చివర్లో, "పోనీ అదైనా ఇవ్వండి" అని నచ్చినదాన్ని సగం ధరకి పట్టుకొచ్చేది. ఆవిడ కొడుకుని కదా, ఈ అమెరికావాళ్ళకి బేరమంటే ఏమిటో చూపిస్తాననుకున్నాను. చీరకి తల్లి ఉండదని, చీర మనవంక చూడదని నాకు తట్టలేదు.

ఆ చలికాలంలో ఎమ్మెట్ ఆటలు ఐదు చూశాను. ఐదుసార్లూ విరామం రాగానే ఫైలు చప్పుడయ్యేలా మూసి, కోటు వేసుకుని, వరసలో అందరికీ చెయ్యి ఊపి బయటికి నడిచాను. బయటినుంచి జిమ్ము వెనక తలుపుకి వెళ్ళి, మెట్లెక్కి, పై గ్యాలరీలో ఒక స్తంభం వెనక నిలబడి రెండో సగమంతా చూశాను. అక్కడే గీతలు గీసుకున్నాను. అప్పటికి వరసలో నా పేరుకి కాస్త విలువ వచ్చింది. "రావు అంతటివాడు లేచి వెళ్ళాడంటే వాడి దగ్గర ఏమీ లేనట్టే" అని నా వెనక అనుకుంటున్నారని తెలిసి మురిసిపోయాను. అంత సిగ్గుమాలిన మురిపెం నా జీవితంలో ఇంకొకటి లేదు.

మూడో ఆట శనివారం పడింది. సరోజ కూడా వస్తానంటే తీసుకెళ్ళాను. తనని మామూలు జనం సీట్లలో కూర్చోబెట్టాను. పక్కన కూర్చున్నావిడ ఎమ్మెట్ తల్లి అని తర్వాత తెలిసింది. మిసెస్ గేల్స్ ఒక స్కూలు వంటశాలలో పనిచేస్తూ, రెండు గంటలు డ్రైవ్ చేసుకుని కొడుకు ఆటలన్నిటికీ వచ్చేది. చీర మీద స్వెట్టర్ వేసుకుని వణుకుతున్న సరోజకి తన దుప్పటిలో సగం కప్పిందట. తిరిగొచ్చేటప్పుడు కారులో సరోజ అంది.

"ఏమండీ, ఆ పిల్లాడి తల్లి ఆట చూడట్లేదు. మిమ్మల్నే చూస్తోంది."

"నన్నెందుకు చూడటం?"

"ఇదివరకు రెండుసార్లు మీరు మధ్యలో వెళ్ళిపోయారట. ఇవాళన్నా ఉంటారేమోనని పాపం ఆశ. మీరు కోటు వేసుకోగానే ఆవిడ మొహం మాడిపోయింది. నాకు ఎటు చూడాలో తెలీలేదు. ఆయన పైన స్తంభం చాటున ఉన్నారమ్మా అని చెప్పేద్దామనిపించింది."

"కొంపదీసి చెప్పావా?"

"చెప్పలేదు లెండి. చెప్పుంటే బాగుండేది. నచ్చితే నచ్చిందని చెప్పుకోలేని ఉద్యోగం, ఇదేం ఉద్యోగమండీ?"

"ఇది బిజినెస్సే, నీకు తెలీదులే" అన్నాను. తెలియనిది ఎవరికో మీరే చూస్తారు.

ఆఖరి రెండు ఆటల్లో ఎమ్మెట్ ఆట మారింది. మొదటి సగంలో బంతి అందగానే తొందరపడి దూరం నుంచి షాట్లు వేయడం మొదలుపెట్టాడు. కోచ్ నాలుగు వేళ్ళు ఎత్తినా చూడనట్టు వేసేవాడు. కొన్ని పడ్డాయి, ఎక్కువ పడలేదు. కోచ్ అందరి ముందూ తిట్టి బెంచీ మీద కూర్చోబెట్టాడు. రెండో సగంలో మళ్ళీ పాత ఎమ్మెటే, ఒక్క తప్పు లేదు. నాకు అర్థం కాలేదు. ఫోన్ చేసి కోచ్‌ని అడిగితే, "వాడికి చెప్పిన మాట వినే గుణం లేదు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నాలుగేళ్ళు కుర్రాణ్ణి గుంజకి కట్టేసిన మనిషి అనే మాట అది. ఆయన్ని తిట్టుకుంటూనే నా రిపోర్టులో రాశాను, "మొదటి సగంలో తొందర, కొంత స్వార్థం" అని. ఆ మాటలు వరసవి కావు, నావి.

ఆరో రౌండు

జూన్‌లో డ్రాఫ్టు. టీములన్నీ ఫోన్ల దగ్గర కూర్చుని, వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళ పేర్లు చదివి తమకి రాయించుకోవడం. అప్పట్లో పది రౌండ్లు ఉండేవి. మొదటి రౌండులో వచ్చినవాడికి ఉద్యోగం ఖాయం, ఆడినా ఆడకపోయినా టీము వాణ్ణి ఉంచుకుంటుంది. ఆరో రౌండువాడికి సీజనుకి ముందు జరిగే ఎంపిక క్యాంపులో పడుకోవడానికో మంచం, తొడుక్కోవడానికో నిక్కరూ ఇస్తారు. ఏ పొద్దున్నయినా పొమ్మనవచ్చు. ఈ తేడా కుర్రాళ్ళ జాతకం.

ముందురోజు నా గీతలన్నీ వాల్ట్ బల్ల మీద పరిచాను. "ఈ ఏడు బంతి అందించడంలో ఇతన్ని మించినవాడు లేడు. రెండో రౌండులో తీసుకోండి" అన్నాను.

వాల్ట్ కాగితాలు చూడలేదు. "వేరేవాళ్ళు ఎవరైనా వీడి మీద కన్నేశారా?"

"లేదు. ఎవరికీ అనుమానం రాకుండా చూసుకున్నాను."

"ఇంకేం మరి? ఎవరికీ అక్కర్లేనివాడికి రెండో రౌండ్ ఎందుకు దండగ? ఆరులో తీసుకుందాం" అని నవ్వాడు.

అప్పుడు గట్టిగా చెప్పవలసింది. ఎవరికీ అక్కర్లేకుండా చేసింది నేనేనని, ఆ కుర్రాడి వెల నా కోటుతో తగ్గిందని చెప్పవలసింది. చెప్పలేదు. నేనూ నవ్వాను. మొదటి రౌండులో వాల్ట్ బ్రాడ్ అనే గార్డుని తీసుకున్నాడు. ఆరడుగుల నాలుగంగుళాలు, చూయింగ్ గమ్, గుమ్మంలో నడిచొస్తుంటే దారి దానంతట అది విడిపోయే మనిషి. ఒత్తిడి పడితే అతని దగ్గర బంతి తెగుతుందని నా గీతల్లో ఉంది. ఎవరూ అడగలేదు, నేనూ అనలేదు. సాయంత్రానికి ఆరో రౌండులో మావాళ్ళు ఎమ్మెట్ పేరు చదివారు. వాల్ట్ నా వీపు మీద చరిచి, "దొంగబేరం కొట్టావ్ రావ్!" అన్నాడు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఛాతీ విరుచుకుని ఇంటికెళ్ళాను.

పెద్దాయన అడిగిన కుర్రాడు

అక్టోబరు క్యాంపులో ఎమ్మెట్, బ్రాడ్ తొమ్మిది రోజులు ఎదురెదురుగా ఆడారు. రెండో గార్డు స్థానం ఒక్కటే ఖాళీ. నేను చెప్పడం ఎందుకు, మా టీములో పదేళ్ళనుంచి ఆడుతున్న సెంటరు, అంటే రింగు దగ్గర నిలబడి ఆడే పొడుగు మనిషి, మూడోరోజు కోచ్‌తో అందరూ వినేలా అన్నాడు. "నన్ను ఆ చిన్నోడి వైపు వెయ్యండి. ఇన్నేళ్ళలో బంతి కోసం నేను వంగకుండా ఆడింది ఈ మూడు రోజులే." మోకాళ్ళు అరిగిన మనిషి మాట అది. దానిముందు ఏ స్కౌటు రిపోర్టు పనికొస్తుంది?

తొమ్మిదో రోజు గీతలు పట్టుకుని వాల్ట్ దగ్గరికెళ్ళాను. ఈసారి ఆయన చూశాడు. బాగా చూశాడు. అన్నీ అర్థమయ్యాయి కూడా.

"నీ కుర్రాడే మెరుగు. కాదనను. కానీ బ్రాడ్‌ని పంపించేస్తే ఓనరు నన్ను పిలిచి, ఫస్ట్ రౌండ్ ఎందుకు తగలేశావని అడుగుతాడు. నువ్వొచ్చి జవాబు చెబుతావా?"

చెబుతానని నేను అనలేదు. నాకు ఉద్యోగం పోతుందని భయమేసింది. మెరుగైనవాడు ఎవరో తెలిసి, కాగితం మీద చూసి, నోటితో ఒప్పుకుని మరీ తప్పుడు మనిషిని ఉంచుకున్నారు. తెలియక చేసిన తప్పయితే క్షమించేవాణ్ణి. తప్పు చేశానని ఒక్కసారి ఒప్పుకోవలసి వస్తుందని, తన కుర్చీ కోసం ఇంకొకడి బతుకు తీసి అవతల పారేశాడు వాల్ట్. నేను పక్కన నిలబడి ఫైలు పట్టుకున్నాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు, నా పిడికిలి చిన్నదేమీ కాదు.

"నీవాడు కదా, నువ్వే చెప్పు" అని మర్నాడు పొద్దున నన్నే పంపాడు. ఎమ్మెట్ హాస్టల్ గుమ్మం దగ్గర బ్యాగు సర్దుకుని కూర్చుని ఉన్నాడు. అప్పటికే తెలుసు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"సర్, ఒకటి అడగొచ్చా? లాస్ట్ సీజన్ మీరు వచ్చిన ప్రతిసారీ హాఫ్‌టైమ్‌కి వెళ్ళిపోయేవారు. మా అమ్మ చూసి చెప్పేది. ఫస్ట్ హాఫ్‌లో నేనేం తప్పు చేసేవాణ్ణి? చాలా ఆలోచించాను సర్. మిమ్మల్ని కూర్చోబెట్టాలని ముందే షాట్లు వేయడం మొదలుపెట్టాను. కోచ్ తిట్టినా వేశాను. అప్పుడు కూడా మీరు లేచి వెళ్ళిపోయారు."

నా ఫైల్లో నేను రాసిన తొందర, స్వార్థం అదన్నమాట. నిజం చెప్పాను. గ్యాలరీ గురించి, స్తంభం గురించి, వరస గురించి చెప్పాను. కుర్రాడు అరిస్తే బాగుండేది. "అంటే నేను బాగా ఆడుతున్నానని వెళ్ళిపోయారా?" అన్నాడు.

"అవును."

"మా అమ్మకి మీరే చెప్పండి సర్. నేను చెబితే నమ్మదు" అని బ్యాగు తీసుకుని బస్సు కోసం వెళ్ళిపోయాడు.

తర్వాత ఎవరూ అతన్ని పిలవలేదు. వరసకి తెలిసిందల్లా రావు ఐదుసార్లు లేచి వెళ్ళాడని, క్యాంపులోంచి పంపేశారని. బ్రాడ్ రెండు సీజన్లు బెంచీ మీద కూర్చుని వెళ్ళిపోయాడు. వాల్ట్‌ని ఎవరూ ఏమీ అడగలేదు. రిటైరైన రోజున ఆయనకి విందు చేశారు, నేనూ వెళ్ళాను, చప్పట్లు కొట్టాను. ఎమ్మెట్ సొంత ఊళ్ళో హైస్కూలు టీచరయ్యాడు.

మేఘనా, ఇప్పుడు మీకు కంప్యూటర్లున్నాయి. ఎమ్మెట్ బంతిని ఎక్కడికి పంపాడో నాకంటే వెయ్యిరెట్లు బాగా మీ యంత్రం చెబుతుంది. సంతోషం. కానీ మొన్న నువ్వే మురిసిపోతూ అన్నావు, "మా టీమ్ ఒక ప్లేయర్‌ని సెకండ్ రౌండ్‌లో స్టీల్ చేసింది అంకుల్, ఎవరికీ తెలీదు!" అని. ఎవరికీ తెలియకపోవడం వల్ల నష్టపోయినవాడు ఎవడో ఒక్కసారి అడుగు. నచ్చినవాణ్ణి నచ్చాడని రాయి. రాసినదాన్ని గదిలో గొంతెత్తి చెప్పు. ఉద్యోగం పోతే పోతుంది. నాది పోలేదు, ఇరవై ఆరేళ్ళు నిలబడింది. ఏం చూసుకుని నిలబడిందో నాకు తెలుసు.

ఆదివారం ఫోను

ఎమ్మెట్ బస్సెక్కి వెళ్ళిపోయాక మిసెస్ గేల్స్‌కి ఫోన్ చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం, ఆవిడ చర్చినుంచి వచ్చే వేళ చూసుకుని చేశాను. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. క్షమాపణ చెప్పి, జరిగిందంతా చెప్పాను.

"అయితే రెండో సగం మీరు చూశారు" అంది చివరికి.

"అంతా చూశానండీ. ఐదు ఆటలూ."

"నేను చూడలేదు. మీరు తిరిగొస్తారేమోనని తలుపువంకే చూస్తూ కూర్చునేదాన్ని. వాడెలా ఆడాడో నాకు చెప్పండి."

కాగితాలు తీశాను. మొదటి ఆటనుంచి చదవడం మొదలుపెట్టాను. ఎవరు చుట్టుముట్టారు, ఎటు తప్పించుకున్నాడు, బంతి ఎవరి చేతిలో ఎలా వాలింది, ఒక్కొక్క గీతా విప్పి చెప్పాను. మూడో ఆట చివర్లో ముగ్గురి మధ్యలోంచి చూడకుండా వెనక్కి అందించిన బంతి గురించి రెండుసార్లు చెప్పాను. అంత బాగా నేను ఎవరి గురించీ ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ ఊఁ కొడుతూ వింది. ఐదో ఆట అయిపోయింది.

"ఇదంతా మీ ఆఫీసులో వాళ్ళకి ఇలాగే చెప్పారా, మిస్టర్ రావు?"

"లేదండీ."

"మరి నాకెందుకు చెబుతున్నారు?"

ఆవిడ మర్యాదస్తురాలు. జవాబు కోసం చాలాసేపు ఆగింది.